సముద్రం మారిన సంగతి ఎవరిని అడగాలి?

గత సంచికలో, ఆంధ్ర తీరంలోని వృద్ధ మత్స్యకారుల జ్ఞాపకాలను రికార్డు చేసి భద్రపరచవలసిన అవసరం గురించి ఒక వ్యాసం ప్రచురించాము. దానిపై వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు ఒకే సందేహం కనిపించింది: మనుషుల మాటలను, అధికారిక లెక్కలను పక్కపక్కన పెట్టి చదవడం ఎలా? వాటిలో కొన్నింటికి ఈ శీర్షికలో సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: మా తాతగారు భావనపాడు దగ్గర తెప్ప మీద దశాబ్దాల పాటు వేట చేశారు. గంగలో (సముద్రాన్ని ఆయన అలాగే పిలుస్తారు) చేప లేకుండా పోయిందని ఆయన అంటారు. కళాశాలలో మాకు చూపించిన పట్టికలో మాత్రం దేశపు సముద్ర చేపల దిగుబడి దశాబ్దాల తరబడి పెరుగుతూ వచ్చినట్లు ఉంది. ఎవరి మాట నమ్మాలి? – డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మీ తాతగారి మాట, ఆ పట్టిక రెండూ నిజమే కావచ్చు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. దేశంలో సముద్ర చేపల దిగుబడి 1950 ప్రాంతంలో 5 లక్షల టన్నుల దగ్గర ఉండి, 2012 నాటికి 39 లక్షల టన్నులు దాటింది. దేశం మొత్తం మీద ఒడ్డుకు ఎంత చేప చేరిందన్నది ఆ అంకె చెబుతుంది. తన ఊరి ఎదురుగా, తన తెప్ప అందుకోగలిగిన నీటిలో, తన వలకు ఎంత చేప పడిందన్నది మీ తాతగారు చెబుతున్నారు. 1950కీ 2012కీ మధ్య కాలంలో నూలు వలలు పోయి నైలాన్ వలలు వచ్చాయి, తెడ్డూ తెరచాపా పోయి ఇంజను వచ్చింది, కర్ర తెప్పల స్థానంలో ఫైబరు తెప్పలు వచ్చాయి, విశాఖపట్నం నుంచి మరబోట్లు ఐసు నింపుకొని రోజుల తరబడి సముద్రంలోనే ఉండి వేట చేయసాగాయి. దగ్గర నీటిలో చేప తగ్గినా, దూరపు నీటి నుంచీ లోతు నీటి నుంచీ తెచ్చిన చేప మొత్తం అంకెను నిలబెడుతూ రాగలదు.

ఆ అంకె ఎలా తయారవుతుందో కూడా తెలుసుకోవాలి. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తీరాన్ని మండలాలుగా విభజించి, ప్రతి నెలా కొన్ని రేవులనూ, ఆ రేవుల్లో కొన్ని రోజులనూ, ఆ రోజుల్లో వచ్చిన కొన్ని బోట్లనూ నమూనా పద్ధతిలో ఎంచుకుంటుంది. ఆ బోట్లలోని చేపను రకాల వారీగా అంచనా వేసి, దాని నుంచి నెల దిగుబడినీ, తర్వాత రాష్ట్ర దిగుబడినీ లెక్కగడుతుంది. 2010 గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్ తీరంలో 555 సముద్ర మత్స్యకార గ్రామాలు, 353 దిగుబడి రేవులు ఉన్నాయి. ఇంత చెదిరిన తీరంలో ప్రతి తెప్పనూ తూచడం ఎవరి వల్లా కాదు కనుక, ఆ పద్ధతిని రూపొందించినవారి శ్రమను తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే అది రాష్ట్రానికీ, జిల్లాల సమూహానికీ సరిపోయే కొలత. ఒక్క ఊరి ఎదుట ఉన్న నీటిలో ఏం జరిగిందో చెప్పడానికి దాన్ని రూపొందించలేదు.

మరొక సంగతి. ఒక వేటకు ఎంత చేప పడిందన్న లెక్క కూడా మోసం చేయగలదు. ఊహాలెక్క ఒకటి చూడండి. నలభై ఏళ్ల క్రితం నలుగురు మనుషులు ఒడ్డుకు ఐదు కిలోమీటర్ల దూరంలో వల వేసి వంద కిలోల చేప తెచ్చారనుకుందాం. ఇప్పుడు అదే నలుగురు ఇంజనుతో ముప్పై కిలోమీటర్లు వెళ్లి, మూడింతల పొడవైన వల వేసి, వంద కిలోలే తెచ్చారనుకుందాం. వేటకు వంద కిలోలు అన్న గీత పటంలో నేరుగా సాగిపోతుంది. దాన్నే వల పొడవుతో భాగించి గీస్తే మూడో వంతుకు పడిపోతుంది. డీజిలు ఖర్చుతో భాగించి చూస్తే, మీ తాతగారి మాట ఎంత బరువైనదో అర్థమవుతుంది.

ఈ తేడాను పట్టించుకోకపోవడమూ ఒక కారణమై ఒక పెద్ద వేట మొత్తంగా కూలిపోయిన ఉదాహరణ కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరం. అక్కడ చిన్న పడవల మీద ఒడ్డు దగ్గర కాడ్ చేపను పట్టేవారు, 1980ల్లోనే తమ వలలకు చేప తగ్గిందనీ, చిన్నదవుతోందనీ మొత్తుకున్నారు. అప్పటి శాస్త్ర అంచనాలలో, వలను లాగుతూ వేటాడే పెద్ద బోట్లయిన ట్రాలర్ల వేట రేటుకు ఎక్కువ విలువ ఇచ్చారు. ట్రాలర్లు మందలు గుమిగూడిన చోటునే వెతికి పట్టుకోగలవు కనుక, మొత్తం చేప తగ్గిపోతున్నా వాటి రేటు బాగానే కనిపించింది. 1992 జూలై 2న ఆ వేటను పూర్తిగా ఆపేస్తున్నట్లు ప్రకటించవలసి వచ్చింది. ముప్పై వేల మందికి పైగా ఉపాధి పోయింది. ఆ నిషేధాన్ని అధికారికంగా ఎత్తివేయడానికి 2024 దాకా పట్టింది. చిన్న పడవల వాళ్ల మాట, ట్రాలర్ల లెక్క పొసగనప్పుడు, ఎందుకు పొసగడం లేదని ఆనాడే గట్టిగా అడిగి ఉంటే బాగుండేది. మీరు కూడా ఎవరిని నమ్మాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, తాతగారి మాటకూ పట్టికకూ తేడా ఎక్కడ మొదలైందో వెతకండి. ఆయన ఎంత దూరం వెళ్లేవారో, ఎంత వల వేసేవారో, ఏ చేప ఏ నెలలో పడేదో, ఏ పరిమాణంలో ఉండేదో రాసుకోవడంతో ఆ పని మొదలవుతుంది.

ప్రశ్న: నేను పరిశోధన కోసం పెద్దవారిని కలుస్తున్నాను. వారు సంవత్సరాలు చెప్పరు, కిలోలూ చెప్పరు. "అప్పట్లో" అంటారు, "తట్టల కొద్దీ" అంటారు. దీన్ని విశ్లేషణకు పనికివచ్చే సమాచారంగా మార్చడం సాధ్యమేనా? – పరిశోధక విద్యార్థిని, కాకినాడ

సమాధానం: సాధ్యమే, కాని సంవత్సరం అడగకండి. తీరంలో ఎవరూ మరిచిపోలేని గుర్తులు కొన్ని ఉన్నాయి: 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1990 మే తుఫాను, మీ ప్రాంతంలోనైతే ఎందరో మరబోట్ల మీదే ప్రాణాలు పోగొట్టుకున్న 1996 నవంబరు తుఫాను, 2004 డిసెంబరు 26 సునామీ, ఉత్తర కోస్తాలో 2014 అక్టోబరు హుద్‌హుద్, 2018 అక్టోబరు తిత్లీ. "ఆ తుఫానుకు ముందా, తర్వాతా?" అని అడిగితే సమాధానం స్పష్టంగా వస్తుంది. వీటికి కుటుంబ గుర్తులనూ జోడించాలి: పెళ్లి నాటికి ఏ వల వాడేవారు, పెద్దబ్బాయి పుట్టేనాటికి ఇంజను కొన్నారా లేదా, అప్పు చేసి ఫైబరు తెప్ప ఎప్పుడు కట్టించారు. ఇలా ఒక మనిషి వేట జీవితాన్ని ముందుగా ఒక పొడవాటి కాగితం మీద గీతగా గీసి, చేపల సంగతులను ఆ తర్వాత ఆ గీత మీద ఉంచడం మంచి పద్ధతి. ఒకేసారి చేపల దగ్గరికి వెళితే అంతా "అప్పట్లో" అన్న ఒక్క మాటలో కలిసిపోతుంది.

తట్టల విషయం ఇంకా తేలిక. ఆ ఊరిలో ఇప్పటికీ దొరికే పాత తట్టను చేపతో నింపి తూచండి. నెత్తళ్ల తట్ట బరువు, కానాగంతల (మాకెరెల్ చేపల) తట్ట బరువు ఒకటి కావు కనుక రకానికొకసారి తూచాలి. తట్టలు ఊరూరికీ మారతాయి కనుక పక్క ఊరి లెక్కను అరువు తెచ్చుకోకూడదు. మామూలు రోజున ఎంత పడేదని అడిగితే, వచ్చే జవాబు చాలా సార్లు ఇవాళ్టి మనఃస్థితిని బట్టి ఉంటుంది. జీవితంలో అన్నిటికంటే ఎక్కువ పడ్డ రోజు గురించి అడిగితే, ఆ రోజు ఎక్కడ వల వేశారో, పడవలో ఎవరెవరు ఉన్నారో, ఎంతకు అమ్ముడుపోయిందో కూడా చెబుతారు. తోటివారిని అడిగి సరిచూసుకునే వీలూ ఉంటుంది. అయితే గొప్ప రోజు మామూలు రోజుకు ప్రతినిధి కాదు. కాబట్టి ఒక మనిషి గొప్ప రోజును మరో మనిషి గొప్ప రోజుతోనే, ఒక తరం గొప్ప రోజును మరో తరం గొప్ప రోజుతోనే పోల్చాలి తప్ప, ప్రభుత్వ సగటు పక్కన దాన్ని నిలబెట్టకూడదు.

లెక్క కట్టేటప్పుడు సగటుకు బదులు మధ్యగతాన్ని, అంటే అంకెలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేదాన్ని, వాడండి. ఎవరో ఒకరికి పడిన అసాధారణమైన మంద సగటును పైకి లాగేస్తుంది, మధ్యగతాన్ని అంతగా కదిలించలేదు. "గుర్తు లేదు" అన్న జవాబును ఖాళీ గడిగా వదిలేయక, గుర్తు లేదనే రాయండి. ఏ వయసువారికి ఏ చేప గుర్తు లేదన్నది కూడా సమాచారమే. అన్నిటికంటే ముఖ్యంగా, అసలు మాటల రికార్డును, దాని నుంచి మీరు తీసిన అంకెను విడివిడిగా భద్రపరచండి. ఇరవై ఏళ్ల తర్వాత మరొకరు వచ్చి, ఆ మాటల నుంచి మీరు ఊహించని మరో ప్రశ్నకు జవాబు తీసుకోవచ్చు.

ప్రశ్న: వ్యాసంలో అంతా వేటకు వెళ్లే మగవారి గురించే ఉంది. చేపను అమ్మేది, ఎండబెట్టేది, అప్పు లెక్క చూసుకునేది మేము కాదా? – పాఠకురాలు, మచిలీపట్నం

సమాధానం: అమ్మా, మీ ఆక్షేపణ పూర్తిగా సమంజసం. మగవారు చేపను సముద్రంలో చూస్తే, ఆడవారు దాన్ని రేవులో వేలంలోనూ, తట్టలోనూ, చేప ఎండబెట్టే ఇసుక మీదా, సంత వీధిలోనూ చూస్తారు. ఏ ఏడు నుంచి వంజరాన్ని, చందువను ఊళ్లో అమ్మడం మాని ఎగుమతి వ్యాపారికి ఇచ్చేయవలసి వచ్చిందో, ఏ చేప ఒకప్పుడు ఎవరూ కొనక ఎండబెట్టవలసి వచ్చి ఇప్పుడు పచ్చిదే అమ్ముడుపోతోందో, సావడాలు (రిబ్బన్ చేపలు) ఎప్పటి నుంచి సన్నబడ్డాయో చెప్పగలిగేది ఆడవారే. చేప పరిమాణం తగ్గడమన్నది ఒక చేపల జాతి మీద ఒత్తిడి పెరిగిందనడానికి తొలి గుర్తులలో ఒకటి. తట్టకు ఎన్ని చేపలు పట్టేవి, ఇప్పుడెన్ని పడుతున్నాయి అన్న అమ్మకందారు జ్ఞాపకం ఆ గుర్తును నేరుగా పట్టుకుంటుంది.

పైగా మన తీరంలో ఇంకొక కారణమూ ఉంది. ఉత్తర కోస్తా ఊళ్ల నుంచి ఎందరో యువకులు గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వెళ్లి, ఏడాదిలో అధిక భాగం అక్కడి బోట్ల మీద కూలికి పనిచేస్తున్నారు. 2018 చివరలో పాకిస్తాన్ అదుపులోకి తీసుకోగా 2020 జనవరిలో విడుదలై వచ్చిన మన మత్స్యకారులు అలా వెళ్లినవారే. అలాంటి ఊళ్లలో స్థానిక సముద్రం గురించిన ఎడతెగని జ్ఞాపకం, ఇంటి దగ్గర ఉండి చేపను కొని అమ్ముతూ వచ్చిన ఆడవారి దగ్గరే మిగిలి ఉంటుంది. వారిని అడగకుండా ఒక ఊరి వేట చరిత్ర రాశామనుకుంటే, ఆ చరిత్రలో సగం లేనట్టే.

ప్రశ్న: పెద్దవాళ్లకు పాత రోజులన్నీ బంగారంలాగే కనిపిస్తాయి. అలాంటి మాటల మీద శాస్త్రం కట్టవచ్చా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

సమాధానం: మీ అనుమానం న్యాయమైనదే. దానికి రెండు వైపుల నుంచీ సాక్ష్యం ఉంది. సీషెల్స్ దీవుల్లో మావులు (చేపలు చిక్కే బుట్టలు) పెట్టి చేపలు పట్టే చిన్న మత్స్యకారుల మాటలనూ, రేవులో నమోదైన దిగుబడి లెక్కలనూ, నీటి అడుగున ఈతగాళ్లు లెక్కించిన చేపల సంఖ్యనూ కొందరు పరిశోధకులు పోల్చి చూశారు. పదేళ్ల మార్పు గురించి ఆ మూడూ మూడు రకాలుగా చెప్పాయి. దిగుబడి లెక్కలు చూపిన దానికంటే ఎక్కువ క్షీణత మత్స్యకారుల మాటల్లో కనిపించింది. అయితే పరిశోధకులు దాన్ని జ్ఞాపకం చేసిన తప్పుగా కొట్టిపారేయలేదు. పెరిగిన శ్రమ, చేపల ప్రవర్తనలో వచ్చిన మార్పు మనుషులకు అనుభవంలోకి వచ్చి, లెక్కల్లోకి ఎక్కి ఉండకపోవచ్చునని గుర్తించారు. ఇవాళ్టి మావుకు ఎంత పడుతోందన్న విషయంలో మాత్రం మత్స్యకారుల మాట, రేవు లెక్క దాదాపు సరిపోయాయి.

రెండో వైపు చూడండి. గతాన్ని బంగారం చేసుకోవడం కంటే, గతమంటూ ఒకటి ఉందని తెలియకపోవడమే పెద్ద ప్రమాదం. ప్రతి తరం మత్స్య శాస్త్రవేత్తలూ తాము వృత్తి మొదలుపెట్టిన నాటి సముద్రాన్నే సహజమైన సముద్రమనుకుంటారని, మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో హెచ్చరించారు. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖ ఒడ్డున మూడు తరాలకు చెందిన 108 మంది మత్స్యకారులతో మాట్లాడి 2005లో ప్రచురించిన అధ్యయనం మత్స్యకారులలోనూ అదే జరుగుతోందని చూపింది. ఒకప్పుడు సమృద్ధిగా ఉండి ఇప్పుడు తరిగిపోయిన చేప జాతులు ఏవని అడిగితే, యువకుల కంటే వృద్ధులు ఐదు రెట్లు ఎక్కువ పేర్లు చెప్పారు. అక్కడి ఒక పెద్ద గ్రూపర్ చేప విషయంలో, జీవితంలోకెల్లా గొప్ప రోజున పట్టిన వేటలో తరాల మధ్య తేడా 25 రెట్ల దాకా ఉంది. ఆ పెద్ద చేపలు ఒకప్పుడు మామూలుగా దొరికేవన్న సంగతి యువకులలో కొద్దిమందికే తెలుసు. నా మట్టుకు ఆ అధ్యయనంలో ఎక్కువగా బాధపెట్టిన విషయం ఇదే.

మన బంగాళాఖాతంలో రంపం వంటి పొడవైన ముట్టె ఉన్న పెద్ద చేప (ఇంగ్లీషులో సాఫిష్) ఒకటి ఉండేది. చూడడానికి సొరలా ఉన్నా అది టేకు చేపల (రే చేపల) బంధువు. 2001లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్లో చేర్చారు. దిగుబడి పట్టికల్లో ఇలాంటివి తరచుగా టేకులు, సొరలు అన్న పెద్ద పద్దులలో కలిసిపోతాయి కనుక, అది ఏ ఊరి దగ్గర ఏ కాలం దాకా వలల్లో చిక్కేదో తెలుసుకోవడానికి పెద్దవారి జ్ఞాపకం, కొన్నిచోట్ల దాచి ఉంచిన ఆ రంపం తప్ప మరో ఆధారం దాదాపు లేదు. మీ ఊరిలో ఎనభై దాటిన మత్స్యకారులు ఉంటే, ఈ చేప బొమ్మ చూపించి ఈ నెలలోనే అడగమని మనవి.

ప్రశ్న: నూనె కవ్వలు (ఆయిల్ సార్డీన్ చేపలు) మా చిన్నప్పుడు ఇంతగా పడేవి కావని మా నాన్నగారు అంటారు. సముద్రం వేడెక్కడం వల్ల వచ్చాయంటారా? – పాఠకుడు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీ నాన్నగారి మాటకు లెక్కల సమర్థన ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల విశ్లేషణ ప్రకారం, 1985కు ముందు నూనె కవ్వల దిగుబడి దాదాపు అంతా కేరళ, కర్ణాటక వైపున ఉన్న మలబారు తీరపు నీటి నుంచే వచ్చేది. 14 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన దాని వేట నామమాత్రం. నెల్లూరు ఆ గీతకు కొద్దిగా పైన ఉంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో ఈ చేప పెరిగింది. సముద్రపు పై నీరు వేడెక్కడంతో చేప తనకు అనువైన ఉష్ణోగ్రతను వెతుక్కుంటూ విస్తరించిందని వారు వివరించారు.

అయితే వేడి ఒక్కటే కారణమని తీర్మానించే ముందు, వలల సంగతి కూడా అడగాలి. పై నీటిలో తిరిగే మందలను చుట్టేసే రింగు వలలు మన తీరంలోకి వచ్చాక కవ్వల దిగుబడి పెరగడంలో వాటికీ వాటా ఉండవచ్చు. ఆ వలల మీద విశాఖలో 2022 జనవరిలో మత్స్యకారుల మధ్యే ఘర్షణ జరిగింది. కానాగంతల కథా ఇటువంటిదే. దేశంలో వీటి దిగుబడిలో 1985–89 మధ్య 2 శాతం మాత్రమే సముద్రపు అడుగున లాగే ట్రాల్ వలల ద్వారా వచ్చేది. 2003–07 నాటికి అది 15 శాతం దాకా పెరిగింది. పైనీరు వేడెక్కి కానాగంతలు లోతుకు దిగాయన్నది ఒక వివరణ. ట్రాల్ వలల నోటి ఎత్తు పెరిగి, అడుగునే కాక మధ్య నీటినీ అవి దేవేస్తున్నాయన్నది మరొకటి. ఈ రెంటిలో ఏది ఎంత అన్నది పట్టిక ఒక్కటే చెప్పలేదు. ఏ ఏడు వల ఎలా మార్చారో, అంతకుముందే లోతులో కానాగంతలు తగలడం మొదలైందా లేదా అన్నది ట్రాలరు నడిపిన సరంగులకు గుర్తుంటుంది. వల మారకముందే చేప దిగి ఉంటే వేడి వివరణ బలపడుతుంది, వల మారాకే దిగినట్లు కనిపిస్తే బలహీనపడుతుంది. మీ నాన్నగారిని అడగవలసినదీ ఇదే: నూనె కవ్వలు మొదట పాత వలకు పడ్డాయా, కొత్త వల వచ్చాకనే పడ్డాయా?

ప్రశ్న: మేము తరతరాలుగా కొండలనూ గుళ్లనూ గుర్తు పెట్టుకొని దాచుకున్న చేప స్థలాల గురించి చెబితే, అవి రేపు పెద్ద బోట్ల జీపీఎస్‌లోకి ఎక్కవా? – మత్స్యకార సంఘం సభ్యుడు, ఉప్పాడ ప్రాంతం

సమాధానం: ఎక్కే ప్రమాదం ఉంది, కనుక మీ జాగ్రత్త సరైనదే. ఒడ్డున ఉన్న రెండు గుర్తుల వరుసను కలిపి చేప స్థలాన్ని పట్టుకోవడం మీ పెద్దలు సంపాదించి ఇచ్చిన ఆస్తి. ఆ స్థలం ఖచ్చితంగా ఎక్కడ ఉందో చెప్పకుండానే అది ఎలా మారిందో చెప్పవచ్చు. "రాతి నేల, ఒడ్డుకు ఇంత దూరం, ఇంత లోతు, ఫలానా కాలంలో ఫలానా చేప" అన్న మేరకు రికార్డు చేస్తే పరిశోధనకు చాలు. పటం గీయక తప్పదంటే పెద్ద గళ్లుగా గీసి, గడిలో ఎక్కడన్నది చూపకుండా ఉంచమనండి. తీరమే కోతకు గురై పాత గుర్తులు కొన్ని నీటిలో కలిసిపోయిన మీ ప్రాంతంలో, ఆ గుర్తుల పూర్తి వివరాలను మీ సంఘం విడిగా రాసి తన దగ్గరే దాచుకోవడం ఇంకా అవసరం.

రికార్డు చేసే ముందు మూడు విషయాలు తేల్చుకోండి: రికార్డు ప్రతి ఒకటి ఊరికి ఇస్తారా, చెప్పినదాన్ని తర్వాత వెనక్కి తీసుకొనే హక్కు ఉంటుందా, ఫలితాలు ప్రచురించే ముందు మీ సంఘం ముందు తెలుగులో చదివి వినిపిస్తారా. వీటికి ఒప్పుకోని వారికి మీ స్థలాల సంగతి చెప్పనక్కరలేదు. చేప పరిమాణం, కాలం, ధర, వలల మార్పు గురించి మాత్రం వారితోనూ మాట్లాడవచ్చు. వాటి వల్ల మీకు నష్టం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలంలో బోట్లు ఒడ్డునే ఉంటాయి కనుక, ఆ రెండు నెలల్లోనే మీ సంఘం తరఫున చదువుకున్న పిల్లల చేత ఈ పని మీరే మొదలుపెట్టవచ్చు.